కొండ దగ్గర బస్సు ఆగలేదు

నవంబర్ 19

ఈరోజు నా వాక్యం బస్సెక్కింది. హార్బర్ నుంచి రైల్వే స్టేషన్‌కు తిరిగే బస్సు పక్క భాగమంతా తూ పో-హాన్ ముఖం, దాని కింద ఎర్రటి అక్షరాల్లో నేను రాసిన మాట: "విందు భోజనానికి దేశాన్ని అమ్మేవాడు ద్రోహి." పార్లమెంటు ఎన్నికల్లో తూ మా అభ్యర్థి, ఆయన మాటలు రాసేది నేను. ప్రచారం మొత్తం నడిపించే లియావ్ అన్న నా భుజం తట్టి, "యీ-జెన్, ఈ ఒక్క ముక్క చాలు, అవతలివాళ్ల గొంతు పట్టుకుంటుంది" అన్నాడు.

పొద్దున సముద్రం అవతలి దేశం నుంచి మళ్లీ యుద్ధ విమానాలు వచ్చాయి. ఆఫీసు కిటికీ అద్దాలు గడగడలాడాయి. అవతలి అభ్యర్థి టీవీలో కూర్చుని, అవి దారిన పోయేవే, మనం పట్టించుకోనక్కర్లేదు అన్నాడు. దారిన పోయేవాడు ఎవడైనా మన పెరటి గోడ ఎక్కి నడుస్తాడా? ఆ మనిషి నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. రక్షణ ఖర్చు తగ్గించి ముసలివాళ్లకు పింఛను పెంచుతాడట. పింఛను తీసుకోవడానికి దేశం ఉండాలిగా.

నాన్న నాలుగైదు రోజులుగా ఫోన్ ఎత్తలేదు. ఈరోజు ఎత్తాడు. స్నేహితులతో వేడినీటి బుగ్గలకు వెళ్లాడట. "నీళ్లు బాగున్నాయా?" అంటే, "నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి" అన్నాడు. సైన్యంలో సార్జెంటుగా ఇరవై ఏళ్లకు పైగా చేసిన మనిషి. ఆయన దగ్గర అంతకంటే ఎక్కువ మాటలు ఎప్పుడూ రావు.

నవంబర్ 22

పెంగ్ పిన్ని ఇంట్లో ప్రాసిక్యూటర్లు సోదా చేశారు. పెంగ్ పిన్ని మా నాన్న ఉండే వార్డుకు పెద్ద, అవతలి అభ్యర్థికి కుడిభుజం. ముసలివాళ్లను పోగేసి కారుచవకగా అవతలి ఒడ్డుకు, ఆ విమానాలు పంపే దేశంలోని షియామెన్ నగరానికి, టూరు తీసుకెళ్లిందట. తిండి, హోటలు అన్నీ అక్కడి అధికారుల ఖర్చే. ఆఖరి రోజు విందులో ఒక అధికారి లేచి, ఎన్నికల్లో సరైన దారి ఎంచుకోండి అని చెప్పాడట.

మా ఆఫీసులో పండగ. లియావ్ అన్న అందరికీ పాలటీలు తెప్పించాడు. మన వాక్యం నిజమైందిరా అంటూ కుర్రాళ్లు కేకలు. నేనూ గట్టిగానే అరిచాను.

అప్పుడు టీవీలో ఫోటో వేశారు. ఎర్ర బ్యానర్ కింద గుండ్రటి బల్లల చుట్టూ నెరిసిన తలలు. రెండో బల్ల దగ్గర, చేతిలో చాప్‌స్టిక్స్ పట్టుకుని, కెమెరా వైపు తిరిగి చూస్తున్నది మా నాన్న.

వేడినీటి బుగ్గలట.

నవంబర్ 23

వెళ్లాను. నాన్న తోటలో నిచ్చెన మీద ఉన్నాడు. గులాబిజామ పిందెలకు కాగితం సంచులు తొడుగుతున్నాడు. నన్ను చూసి దిగలేదు.

"కిందికి దిగు నాన్నా."

"ఈ కొమ్మ అయిపోనీ."

"ఎందుకెళ్లావ్?"

"ఖాళీగా ఉన్నాను, వెళ్లాను."

"ఎవరి డబ్బుతో వెళ్లావో తెలుసా? ఎందుకు తీసుకెళ్లారో తెలుసా?"

"తెలుసు. నాకేం మతి పోలేదు. చవగ్గా వస్తుంటే ఎందుకు చవగ్గా వస్తుందో తెలియదా?"

"తెలిసీ వెళ్లావా!"

ఆయన ఇంకో సంచి తొడిగి, మూతి దగ్గర మడత పెట్టి, తీగ చుట్టాడు. "చేపల పులుసు బాగుంది. మిగతాదంతా నూనె" అన్నాడు.

నిచ్చెన పట్టుకుని లాగేద్దామన్నంత కోపం వచ్చింది. ఆయన చేత ఒకే ఒక్క పనికొచ్చే జవాబు చెప్పించలేకపోయాను. మోసపోయానమ్మా అని ఒక్క మాట అంటే చాలు, దాని మీద నేను కోట కట్టేదాన్ని. అనడు. గంటసేపు అరిచి వచ్చేశాను. వచ్చేటప్పుడు స్కూటరు ముందు బుట్టలో కాయలు పెట్టాడు. దారిలో కాలవలో పారేశాను.

నవంబర్ 24

నాకు నాన్న మీద కోపం లేదు. ఆయన వయసు అది.

నవంబర్ 25

లియావ్ అన్నకు నేనే చెప్పాను. ఎవరో చెప్పేలోపు నేను చెప్పడమే నయం.

ఆయన తలుపు వేసి తూను పిలిచాడు. తూ వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. దగ్గరి నుంచి చూస్తే మంచివాడిలాగే ఉంటాడు. "యీ-జెన్, మీ నాన్నగారంటే మా నాన్నగారిలాంటివారే. ఫోటో ఎక్కడ వాడినా ఆయన ముఖం కనబడకుండా చేయిస్తాను. ఇది నా మాట" అన్నాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈ మనిషి కోసం ఎందుకు పని చేస్తున్నానో మళ్లీ అర్థమైంది.

బయటికి వచ్చాక లియావ్ అన్న మెల్లగా అన్నాడు. "ఒక చిన్న వీడియో చేద్దామా? పాత సార్జెంటు. నన్ను మోసం చేశారు, దేశానికి క్షమాపణ, నా ఓటు తూ పో-హాన్‌కే. అంతే. దీంతో మీ నాన్న బయటపడతాడు, మనకూ..."

మనకూ ఏమిటో చెప్పలేదు. అడగలేదు నేను.

నవంబర్ 28

ఓటు కోసం ఎవరో పెట్టిన ఖర్చుతో తిరిగిరావడమూ నేరమేనట, నాన్నను విచారణకు పిలిచారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. పొద్దున వెళ్లినవాడు మధ్యాహ్నం దాటాక వచ్చాడు. ఆకలేస్తోంది అన్నాడు. ఎదురుగా ఉన్న నూడుల్స్ కొట్టుకు తీసుకెళ్లాను. అక్కడ, అడగకుండానే, చెప్పాడు. అన్నీ గుర్తున్నంత వరకు రాస్తున్నాను, ఎందుకంటే ఆయన నాతో ఒకేసారి ఇన్ని మాటలు మాట్లాడడం నాకు జ్ఞాపకం లేదు.

"ఎందుకెళ్లావని ప్రాసిక్యూటరమ్మ అడిగింది. చూడ్డానికని చెప్పాను. ఏం చూడ్డానికంటే చెప్పలేదు."

"నాకైనా చెప్పు."

"నేను కిన్‌మెన్ దీవిలో, వాళ్ల ఒడ్డుకు ఎదురుగా, ఫిరంగి దగ్గర ఉండేవాణ్ని కదా. పైనుంచి అంకెలు చెప్పేవారు, తిప్పేవాణ్ని, పేల్చేవాణ్ని. గుండు లోపల కాగితాలే ఉండేవి. ప్రచారం కాగితాలు. వాళ్లూ అవే పంపేవారు. అయినా డొల్ల ఇనుముదే కదా జెన్, ఎక్కడో ఓ చోట పడాలి కదా."

"ఊఁ."

"దుర్భిణిలో ఒక కొండ కనబడేది. కొండ కింద ఊరు. ఊరి చివర తెల్ల గోడ. ఒక ఆడమనిషి రోజూ పొద్దున ఆ గోడ మీద బట్టలు ఆరేసేది. మూడేళ్లు చూశాను. ఒకరోజు అటు పేల్చాం. మర్నాడు ఆవిడ ఆరేయలేదు."

నేను గిన్నె పక్కన పెట్టాను.

"ఆరోజు వాన కూడా పడింది. వాన వల్లేమో. తర్వాత వారం నన్ను వేరే చోటికి మార్చేశారు."

"ఆ ఊరు చూద్దామని వెళ్లావా?"

"పెంగ్ చెప్పింది, బస్సు ఆ కొండ పక్క నుంచే పోతుంది, ఆపిస్తానని. ఆపలేదు. గైడును అడిగితే, తాతా, అక్కడ చూడ్డానికేముంది, అన్నీ అపార్టుమెంట్లే అన్నాడు. రత్నాల దుకాణం దగ్గర మాత్రం రెండు గంటలు ఆపాడు."

"ఈ మాట లోపల చెప్పి ఉంటే..."

"ఏమని చెప్పను? అది వాళ్లకు సంబంధించింది కాదు."

ఇక్కడిదాకా నాకు ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది. ఆ తర్వాత అడిగాను, విందులో ఆ అధికారి మాట్లాడినప్పుడు నువ్వేం చేశావని.

"అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను."

"ఎందుకు కొట్టావ్!"

"అందరూ కొడుతుంటే ఏం చేయాలి? సైన్యంలో ఎంతమంది జనరల్స్‌కు కొట్టలేదు? చేతులే కదా."

చేతులే కదా! పక్క బల్లవాళ్లు తిరిగి చూసేలా అరిచాను. రోజూ మన మీదికి విమానాలు పంపేవాళ్ల అన్నం తిని, వాళ్లకు చప్పట్లు కొట్టి, వచ్చి నాకు వేడినీటి బుగ్గలని అబద్ధం చెప్పిన మనిషి. నూడుల్స్ చివరి దాకా తిని, గిన్నె ఎత్తి పులుసు తాగి, "నువ్వు తినలేదు" అన్నాడు.

నవంబర్ 29

ఆవిడ బతికే ఉంటుంది. వానే అయి ఉంటుంది.

డిసెంబర్ 2

వీడియో సంగతి చెప్పాను. ఆయనకు మంచిదనే చెప్పాను. నా మాటలు నాకే లియావ్ అన్న మాటల్లా వినిపించాయి, అయినా ఆపలేదు.

నాన్న విని, "ఎవరికి క్షమాపణ?" అన్నాడు.

"దేశానికి."

"దేశానికైతే జడ్జి ముందు చెప్తాను. తప్పు చేశాను, చప్పట్లు కొట్టాను, శిక్ష వేయండి అంటాను. తూ ముందు ఎందుకు చెప్పాలి? వాడు దేశమా?"

"అలా కాదు నాన్నా, ఎన్నికల్లో..."

"ఎన్నికల్లో గెలవాలంటే వాణ్ని గెలవమను. నా ముఖం ఎందుకు?"

ఆయనకు ఒంట్లో బాలేదని లియావ్ అన్నకు చెప్పాను. లియావ్ అన్న "సార్జెంటుకే ఒంట్లో బాలేదా, కూతురుకి కూడానా?" అన్నాడు.

డిసెంబర్ 9

మార్కెట్లో పెంగ్ పిన్ని ఎదురుపడింది. బెయిలు మీద వచ్చింది. సిగ్గుపడుతుందేమో అనుకున్నాను. ముల్లంగి దుంపలు ఏరుకుంటూ ఆవిడే మొదలుపెట్టింది.

"ఏం యీ-జెన్, బస్సుల మీద నన్నే రాశావటగా? నా ముక్కు కూడా వేయించాల్సింది, ఇంకా బాగుండేది."

"మీకు తల ఒక్కింటికి ఎంత ముట్టింది పిన్నీ?"

"నాకు ముట్టిందేమిటో కోర్టు చూస్తుందిలే. నువ్వు చెప్పు. ఆ ముసలివాళ్లను ఇన్నేళ్లలో మీ తూ ఎన్నిసార్లు పలకరించాడు? వాళ్లు పిలిచి, తాతా రా, కూర్చో అని అన్నం పెట్టారు."

"కొండ దగ్గర ఆపిస్తానని మా నాన్నకు ఎందుకు చెప్పారు?"

ఆవిడ చేతిలో దుంప ఆగింది. "అందరికీ ఏదో ఒకటి చెప్పాలి కదా. ఒకాయనకు తాతల సమాధి, ఒకావిడకు గుడి, మీ నాన్నకు కొండ. లేకపోతే ఎవరొస్తారు? మీ నాన్నను ఒప్పించడం చాలా కష్టమైందమ్మాయ్."

అంత తేలిగ్గా చెప్పింది. ఒక్కొక్కరి గుండెలో ఏముందో వార్డు పెద్దగా ఇల్లిల్లూ తిరిగి తెలుసుకుని, దానికే గాలం వేసింది. చేతిలో ఉన్న కొత్తిమీర కట్ట ఆవిడ ముఖాన కొట్టాను. కొత్తిమీరే కాబట్టి ఏం కాలేదు. రాయి అయి ఉంటే అదీ కొట్టేదాన్నేమో. కూరగాయలామె కట్టకు డబ్బులిమ్మని వెంటపడింది.

డిసెంబర్ 14

తూ ఉపన్యాసంలో ద్రోహి అన్న మాట తీసేసి, మోసపోయినవారు అని రాసి ఇచ్చాను. సాయంత్రానికి మళ్లీ ద్రోహి అయి తిరిగొచ్చింది. పక్కన లియావ్ అన్న చేతిరాత: "నువ్వు ఆ రోజు రాసిందే బాగుంది."

డిసెంబర్ 16

రేపు తూతో మాట్లాడతాను.

డిసెంబర్ 17

ఆయన ఊళ్లో లేడు. రేపు.

డిసెంబర్ 21

ముఖం కనబడకుండా చేస్తానని మాటిచ్చాడు. మాట ఇచ్చిన మనిషిని మళ్లీ మళ్లీ అడిగితే అవమానించినట్టు ఉంటుంది. అందుకే అడగడం లేదు. ఇంకే కారణమూ లేదు.

డిసెంబర్ 30

హార్బర్ మైదానంలో పెద్ద సభ. నేను వేదిక వెనక ఉన్నాను. నాన్నను రావద్దని నేను చెప్పలేదు. వస్తాడని ఊహిస్తేగా చెప్పడానికి.

తూ బాగా మాట్లాడాడు. కోపంగా, నీటుగా. "మన మధ్యే ఉన్నారు! మన పక్కింట్లో ఉన్నారు!" అన్నాడు. వెనక పెద్ద తెర మీద ఆ ఫోటో పడింది. తర్వాత ఒక్కో బల్లనూ దగ్గరగా చూపించడం మొదలుపెట్టారు. మొదటి బల్ల. రెండో బల్ల.

ముఖం కనబడింది. మూడంతస్తుల ఎత్తున, చెంప మీది పుట్టుమచ్చతో సహా.

జనం హో అని గోల చేశారు. ఇన్ని సభల్లో ఆ గోల విని నేను పొంగిపోయేదాన్ని. ఈరోజు అది మా నాన్న మీద పడింది. తెర ఆడించే కుర్రాడి దగ్గరికి పరిగెత్తి "తియ్, తియ్" అన్నాను. "లియావ్ సార్ చెప్పారక్కా" అన్నాడు. అప్పుడు వేదిక పక్క నుంచి కిందికి చూస్తే, వెనక వరసల దగ్గర గుంపు కూడుతోంది. మధ్యలో ప్లాస్టిక్ స్టూలు మీద నాన్న.

ఎలా వెళ్లానో తెలియదు. జనాన్ని మోచేతులతో పొడుచుకుంటూ వెళ్లాను. నాన్న కదలకుండా కూర్చున్నాడు. చేతిలో సభవాళ్లు పంచిన చిన్న జెండా. తలకు పట్టీ కట్టుకున్న కుర్రాడొకడు వంగి ఆయన ముఖంలో ముఖం పెట్టి అరుస్తున్నాడు. "విందు భోజనానికి దేశాన్ని అమ్మేవాడు ద్రోహి! ద్రోహి!" వాడి ఉమ్మి తుంపర నాన్న కళ్లజోడు మీద పడింది. వాణ్ని రెండు చేతులతో తోసేశాను. స్టూళ్ల మీద పడ్డాడు. కొట్టబోయాను.

నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఊరుకో జెన్. వాడు నువ్వు రాసిందే చదువుతున్నాడు."

తిట్టినట్టు కూడా అనలేదు. గొడవ సర్దుతున్నట్టు అన్నాడు. వచ్చి స్కూటరు మీద నా వెనక కూర్చున్నాడు. నేను ఏడుస్తూనే నడిపాను. గేటు దగ్గర దిగి, "ఎందుకొచ్చావ్ నాన్నా?" అని అడిగితే, "నీ మాటలు మైకులో ఎలా ఉంటాయో విందామని" అన్నాడు.

డిసెంబర్ 31

పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి తూ గది తలుపు తట్టకుండా తీశాను. లియావ్ అన్న కూడా ఉన్నాడు.

"మాటిచ్చారు."

తూ లేచి నిలబడ్డాడు. "యీ-జెన్, తెర వాళ్ల పొరపాటు. నాకు నిద్ర పట్టలేదు నిజంగా."

"లియావ్ సార్ చెప్పారని ఆ కుర్రాడు అన్నాడు."

లియావ్ అన్న తల ఎత్తకుండానే అన్నాడు. "రెండు వారాలు ఉంది ఎన్నికలకు. వెనకబడి ఉన్నాం. ముఖాలు లేని ఫోటోకు జనం గోల చేయరమ్మా. నీకు తెలియదా? ఈ పని నీకు నేర్పించింది నేనే కదా."

"ఆయన ఇరవై ఏళ్లు ఈ దేశానికి కాపలా కాశాడు. మీరు సైన్యంలో ఎక్కడ చేశారు తూ గారూ?"

"నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం" అన్నాడు తూ.

ఉబ్బసం తప్పు కాదు. కానీ నిన్న రాత్రి ఊపిరి తిప్పుకోకుండా గంటసేపు అరిచాడు కదా. నాకు నవ్వు వచ్చింది, ఆగలేదు. నవ్వుతూనే మెడలో బ్యాడ్జీ తీసి ఆయన టీకప్పులో వేశాను. గెలిచాక మీ ఇంటికొచ్చి నాన్నగారి కాళ్లకు దణ్ణం పెడతానని వెనక నుంచి ఏదో అంటున్నాడు.

ఊరంతా కొత్త సంవత్సరం టపాసులు. వాటి చప్పుడు కూడా నాకు ఈరోజు ఆ గోలలాగే వినిపిస్తోంది.

జనవరి 3

నాన్న ఇంట్లోనే ఉంటున్నాను. అవతలి పార్టీ నుంచి ఫోన్ వచ్చింది. స్పీకర్లో తేనె కారుతున్న గొంతు. "అక్కా, మీ నాన్నగారికి జరిగిన అన్యాయం మా గుండెల్ని పిండేసింది. ఆదివారం సభలో ఆయన్ను వేదిక మీద కూర్చోబెడదాం. పాపం, స్నేహం కోసం వెళ్లిన పెద్దాయన అని చెప్దాం."

నేను బూతు మాట్లాడబోయేలోపు నాన్న ఫోన్ లాక్కున్నాడు.

"నేను స్నేహానికి వెళ్లలేదు బాబూ. ఫిరంగి పేల్చిన చోటు చూద్దామని వెళ్లాను. ఆ మాట మీ వేదిక మీద చెప్పమంటారా?"

అవతల ఫోన్ పెట్టేశారు.

జనవరి 8

ఇంట్లోనే ఉన్నాను. సంచులు తొడుగుతున్నాను. నావి మూతి సరిగా కట్టడం లేదట, చీమలు దూరతాయట. ముప్ఫై ఎనిమిదేళ్ల కూతురుకు పని రాదని వీధిలోకి వినపడేలా చెప్తున్నాడు.

గేటు మీద ఎవరో ఎర్ర రంగుతో రాశారు. ఏ మాట రాశారో నేను రాయను. నేను ఒకసారి రాసింది చాలు. నాన్న చూసి రంగు డబ్బా తెచ్చాడు. ఇద్దరం తెల్ల రంగు వేశాం. ఆరాక కూడా లోపలి నుంచి ఎరుపు కనబడుతూనే ఉంది. రెండో పూత వేశాం.

జనవరి 13

ఓటు వేసి వచ్చాం. స్కూల్లో వరసలో నిలబడితే ముందున్నావిడ వెనక్కి తిరిగి చూసి, ఇంకొంచెం ముందుకు జరిగింది. నాన్నకు అర్థమైంది, కానట్టు ఉన్నాడు.

పరదా వెనక ముద్ర చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఎవరికీ వేయకుండా వచ్చేద్దామనుకున్నాను. ఒకవైపు మా నాన్న ముఖాన్ని జనానికి విసిరినవాడు. ఇంకోవైపు విమానాలు దారిన పోయేవే అని నవ్వేవాడు. ఎవరి మీద ఎక్కువ కోపమో తేల్చుకోమంటే ఆ కాగితం చాలదు. చివరికి తూ పేరు మీద గుద్దాను. ఎంత గట్టిగా గుద్దానంటే బల్ల కదిలి, బయట అధికారి "ఏమైందమ్మా" అన్నాడు.

నాన్నకు చెప్పడానికి సిగ్గేసింది. బయట అల్లం టీ తాగుతుంటే ఆయనే అడిగాడు.

"తూకేనా?"

"... ఊఁ."

"నేనూ."

"నువ్వా! ఎందుకు?"

"అవతలివాడు గుండ్లే వద్దంటాడు. వీడు సిగ్గు లేనివాడు, కానీ గుండ్లు కొంటానంటున్నాడు. కిన్‌మెన్‌లో మాకు ఆఖరి ఏడు తడిసిన గుండ్లు తప్ప మంచివి ఉండేవి కావు. ఆ భయం నాకు తెలుసు."

"నిన్ను అంత అవమానం చేసినవాడికి..."

"అవమానం వేరే లెక్క. దానికి వాడితో నేను వేరేగా చూసుకుంటా."

రాత్రికి ఫలితం వచ్చింది. తూ గెలిచాడు. కొద్దిలోనే. నేను ఏడ్చానో సంతోషించానో ఇక్కడ రాసుకోవడం నాకిష్టం లేదు.

జనవరి 15

నాన్న కేసు ఇంకా నడుస్తోంది. వసంతంలో పిలుస్తారట. తప్పు ఒప్పుకుంటాడట, చప్పట్ల దాకా. కొండ సంగతి మాత్రం చెప్పడట.

ఈరోజు పొద్దున గెలిచినవాళ్లు తిరిగే లారీ మా వీధికి వచ్చింది. పైన తూ, మెడ నిండా పూలదండలు, మైకులో ధన్యవాదాలు, ధన్యవాదాలు. వెనక రెండు టీవీ బండ్లు. లారీ సరిగ్గా మా గేటు ముందు ఆగింది. లియావ్ అన్న ముందు దిగి కెమెరాలు ఎక్కడ నిలబడాలో చేత్తో చూపించాడు. నన్ను చూసి కన్ను గీటాడు. ఇంకా నేను వాళ్ల మనిషినే అన్నట్టు.

తూ దిగి రెండు చేతులూ చాచి వచ్చాడు. "సార్జెంటుగారూ! పెద్దాయనా! మిమ్మల్ని చూడకుండా నా గెలుపు గెలుపే కాదు." వంగబోయాడు. కెమెరాలు కదిలాయి.

నాన్న నిచ్చెన దిగి వచ్చాడు. బనీనులో, చేతులకు జిగురుతో. గేటు తీయలేదు. చువ్వల మీదుగా తూను పై నుంచి కింది దాకా చూశాడు, కవాతులో బొత్తాము ఊడిన సిపాయిని చూసినట్టు.

"బాబూ, ఓటు నీకే వేశాను" అన్నాడు.

తూ ముఖం వెలిగిపోయింది. లియావ్ అన్న మైకు పట్టుకున్న అమ్మాయిని ముందుకు తోశాడు.

"మంచి గుండ్లు కొను. తడిసినవి కొనకు. ముఖం మాత్రం ఇవ్వను. ఒకసారి అడక్కుండా తీసుకున్నావు, అది చాలు."

అని వెనక్కి తిరిగి నిచ్చెన ఎక్కాడు. ఆకుల్లో నుంచి కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. కెమెరా కుర్రాడు కాళ్లనైనా తీయాలా అన్నట్టు లియావ్ అన్న వైపు చూశాడు. తూ చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. నన్ను చూశాడు. ఏదైనా అను యీ-జెన్ అన్నట్టు చూశాడు. ఇన్నాళ్లూ ఆయన నోట్లో మాట పెట్టింది నేనే కదా.

గేటుకు గడియ పెట్టి, రెండో నిచ్చెన తెచ్చుకున్నాను.